అన్నంలో ఉన్న నీళ్లు

నాకు చదవడం వచ్చాక, ఎవరి సాయమూ లేకుండా మొదలు నుంచి చివరి దాకా చదివిన మొదటి పాఠం 'ఘన, ద్రవ, వాయు పదార్థాలు: పోలికలు, భేదాలు'. అప్పటికి నాకు మనవలున్నారు. ఆ పుస్తకం మనవరాలిదే. ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే అమ్మాయి నా చేతిలో దాన్ని చూసి, "ఇంత పెద్ద పాఠం ఎందుకు మామ్మా? సిన్న కథలేవైనా సదువుకోరాదా?" అంది. ఆ పాఠం నాకు ఎన్నో ఏళ్ల నుంచీ నోటికి వచ్చునని ఆ అమ్మాయికి తెలియదు. నోట్లో ఉన్న మాటలు కాగితం మీద ఎలా ఉంటాయో చూసుకోవడమే నాకు మిగిలింది. 'ద్రవ' దగ్గర వేలు పెట్టి, ఓహో, ఇంతకాలం నన్ను ఏడిపించింది ఇదా అనుకున్నాను.

పాఠం ఏమీ మారలేదు. రాయి బొమ్మ, గ్లాసుడు నీళ్ల బొమ్మ, బుడగ బొమ్మ. ద్రవాలు ఎత్తు నుంచి పల్లానికి ప్రవహిస్తాయని రాసి ఉంది. ఆ ముక్క రాసిన పెద్దమనిషి మా అత్తవారింటి పురిటిగదిలో ఒక్క పూట కూడా పడుకుని ఉండడు.

అరవైల చివరి మాట. మా అత్తవారి ఊరు నరసన్నపేటకు సైకిలు మీద వెళ్లి రాగలిగినంత దూరం. వరి పండించుకునే ఇల్లు. ఇద్దరే అన్నదమ్ములు. చిన్నవాడు మా ఇంటాయన, పొలం చూసుకునేవాడు. పెద్దవాడు, మా బావగారు, చదువుకుని ఒక హైస్కూల్లో సైన్సు మేష్టరయ్యాడు. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి కావడంతో ఆయన దగ్గినా అందులో ఏదో అర్థం ఉంటుందని మిగతావాళ్లు చెవులు నిక్కించేవారు. టెరిలిన్ చొక్కా జేబులో రెండు కలాలు పెట్టుకుని తిరిగేవాడు. ఒకటి రాయడానికి. రెండోది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తొలి కానుపు పుట్టింట్లో జరగాలంటారు. నాకు అమ్మ లేదు. శ్రీముఖలింగం దగ్గర మా ఊళ్లో నాన్న ఒక్కడే తన గంజి తాను కాచుకుంటున్నాడు. ఆయన పురుడు పోస్తాడా? అందుకని కానుపు అత్తవారింట్లోనే అయింది. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్ల అని తెలియగానే మా ఇంటాయన పొలానికి వెళ్లిపోయాడు. ఆ కాలంలో పొలంలో కోసిన వరి మోళ్లు తప్ప ఏమీ లేవు.

పురిటిగది అంటే నడవ పక్కన ధాన్యం బస్తాలు వేసుకునే గది. బస్తాలు ఓ పక్కకు తోసి నులకమంచం వేశారు. కిటికీ లేదు. గాలి కోసం గోడ పైన వదిలిన కంతలు రెండే రెండు, ఒకటి వీధి అరుగు వైపు, ఒకటి నడవ వైపు. ఇంట్లోవాళ్లు ఏం మాట్లాడుకున్నా నడవ కంతలోంచి నాకు వినబడేది. అరుగు మీద ఏం జరిగినా రెండో కంతలోంచి వినబడేది. వాళ్లెవరికీ నేను వింటానన్న ఊహే లేదు. మంచం మీద ఉన్న బాలింతకు చెవులుంటాయని మగవాళ్లకు ఎప్పుడూ తట్టదు.

బాలింతకు నీళ్లు పనికిరావు. ఈ మాట మా అత్త కనిపెట్టింది కాదు. ఆవిడకు ఆవిడ అత్త చెప్పింది, ఆ అత్తకు ఇంకో అత్త. ఎవరూ తాగి చూడలేదు కాబట్టి తాగితే ఏమవుతుందో అందరికీ కచ్చితంగా తెలుసు.

"పచ్చి ఒల్లే. నీలు తాగితే ఒల్లంతా నీరు పట్టీసి పొట్ట కుండలాగ జారిపోతాది. ఆనక మొగుడు నీ మొకం సూడ్డు" అనేది మా అత్త గుమ్మం అవతల నిలబడి.

"నాలిక పీక్కుపోతన్నాదత్తా."

"పీక్కుపోతాది. నాకూ పీక్కుపోనాది. సచ్చిపోనానేటి?"

చచ్చిపోలేదు. బతికి ఉండి నా నీళ్లకు కాపలా కాస్తోంది.

పొద్దున ఒక ఉగ్గుగిన్నెడు, సాయంత్రం ఒక ఉగ్గుగిన్నెడు కాచిన నీళ్లు ఇచ్చేవారు. పసిబిడ్డకు ఆముదం పట్టే గిన్నె అది. నాలుక తడవగానే అయిపోయేది. తిండికి మాత్రం లోటు లేదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, బాలింతలకు మందని పెట్టే, బొగ్గులా నల్లగా ఉండే కాయం ఉండ. పప్పు లేదు, చారు లేదు, మజ్జిగ పేరు ఎత్తకూడదు. ముద్ద గొంతు దిగకపోతే మళ్లీ నమలమనేవారు. తిండి అయ్యాక కుంపట్లో వాము, వెల్లుల్లి పొట్టు, సాంబ్రాణి వేసి గది నిండా పొగ పెట్టేవారు. వావిలాకు వేసి మరగకాచిన నీళ్ల కుండ మంచం కింద పెట్టి, నా మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టేవారు. ఒంట్లో ఉన్న కాస్త తడీ చెమటగా కారిపోయేది. అది మంచిదట. స్నానానికి పైన పోసే వేడినీళ్లలోంచి ఒకసారి దోసిలి పట్టి నోటి దగ్గరకు తీసుకోబోయాను. మంత్రసాని చేతి మీద ఒక్కటి వేసింది.

"ఓలమ్మోలమ్మ! తానం నీలు తాగుతాదేటే ఈ పిల్ల! పశువా, మనిసా?"

పశువునయితే కుడితి తొట్టి దగ్గర విప్పేవారు.

ఇదంతా నా గొంతుకు సంబంధించినదే అయితే ఇంత రాసేదాన్ని కాను. దాహం మరిచిపోవచ్చు. పాలు రావలసిన రోజుకు పాలు రాలేదు. పిల్ల రొమ్ము పట్టుకునేది, గుంజేది, వదిలేసి ఏడ్చేది. మళ్లీ పట్టుకునేది. రోజు గడిచే కొద్దీ ఆ ఏడుపు సన్నబడింది. గట్టిగా ఏడ్చే బిడ్డ గురించి భయపడనక్కరలేదు. గొంతు తగ్గిపోతున్న బిడ్డను చూస్తేనే భయపడాలి. నోరు తెరిచేది, శబ్దం వచ్చేది కాదు. పెదాల మీద పొరలు లేచాయి. పిల్ల గుడ్డలు రోజంతా పొడిగానే ఉండేవి. గుడ్డలు ఉతికే మంత్రసాని మాత్రం ఆ మాటకు సంతోషించింది.

"తల్లి నేని పిల్లని తెచ్చుకుంటే ఇలాగే ఉంతాది. పాలు పడని ఒల్లు" అని మా అత్త నడవలో ఎవరితోనో అనడం విన్నాను. బావిలో చేద వేయకుండా, నీళ్లు రావడం లేదని బావిని తిట్టినట్టుంది ఆ మాట.

మా ఇంట్లో ఆ మాటకు తల వంచుకునే మనిషి ఒకరు ఉండేవారు. మా తోటికోడలు, బావగారి భార్య. మా వైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని. నాకంటే కొన్నేళ్ల ముందు ఆవిడకు కూడా అదే గదిలో, అవే ఎండల్లో, అదే పథ్యం మీద ఒక బిడ్డ పుట్టింది. పాలు చాలక, సన్నగా ఏడ్చి ఏడ్చి పోయింది. ఎవరిదో దిష్టి తగిలిందని తేల్చి ఎండుమిరపకాయలు తగలేశారు. తర్వాత ఆవిడకు పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఇంటిల్లిపాదికీ వండేది ఆవిడే కాబట్టి పురుడు వెళ్లేదాకా నన్ను అంటుకోకూడదు. ఆకులో పొడి అన్నం పెట్టి గడప ఇవతలికి జరిపేది. ఎండు తిండికి అంటు లేదు, తడికి ఉంది. అదీ మా అత్త శాస్త్రమే. అన్నం జరిపాక ఆవిడ వెంటనే వెళ్లిపోయేది కాదు. చీకట్లోకి చెవి పెట్టి పిల్ల ఏడుపు వినేది. 

ఇక బావగారి పాఠం. పరీక్షలు దగ్గరపడుతున్నాయని పిల్లల్ని ఇంటికి రప్పించి వీధి అరుగు మీద చదువు చెప్పేవాడు. సరిగ్గా నా కంత కింద. ఆ పాఠం పరీక్షలో తప్పకుండా వస్తుందని ఆయనకు ఎవరు చెప్పారో గాని, దాన్నే తిప్పి తిప్పి చెప్పేవాడు. ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెప్పించుకునేవాడు. పక్కన ఒక రాయి, వెలిగించిన ఊదుబత్తి.

"ఘనపదార్థానికి తనదైన ఆకారం ఉంటుంది. రాయిని గ్లాసులో వేసినా రాయే, పళ్లెంలో వేసినా రాయే. ద్రవానికి సొంత ఆకారం లేదు. ఏ పాత్రలో పోస్తే ఆ పాత్ర ఆకారం. వాయువుకు ఆకారమూ లేదు, హద్దూ లేదు. గది ఎంత ఉంటే అంతా నిండుతుంది."

గది నిండడం గురించి ఆయన నాకు చెప్పనక్కరలేదు. వాము పొగలో పడుకుని వింటున్నాను.

తర్వాత చెంబులో నీళ్లు గ్లాసులోకి, గ్లాసులోంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి మళ్లీ చెంబులోకి పోసేవాడు. ఆ చప్పుడు నేను ఇప్పుడు కూడా గుర్తుపట్టగలను. గ్లాసులో పడేటప్పుడు సన్నగా మొదలై నిండేకొద్దీ చప్పుడు పైకి లేచేది. పళ్లెంలో పడేటప్పుడు చప్పగా ఉండేది. నా గొంతు ఆ చప్పుడుతోపాటు గుటకలు వేసేది. మింగడానికి ఏమీ ఉండేది కాదు. అన్నీ అయ్యాక చెంబుడు నీళ్లూ ఎండలో వీధిలోకి కుమ్మరించేవాడు.

"చూడండి, తడి ఎలా ఆరిపోతోందో. నీళ్లు ఎక్కడికీ పోలేదు. ఆవిరై గాలిలో ఉన్నాయి. రూపం మారింది, పదార్థం మారలేదు. పోలికలేమిటి?"

పిల్లలు ఒక్క గొంతుతో అరిచేవారు: "మూడింటికీ బరువుంటుంది! మూడూ చోటు ఆక్రమిస్తాయి!"

బరువుండి చోటు ఆక్రమించేది పదార్థమైతే మా బావగారు కూడా పదార్థమే. అంతకు మించి ఆయనలో ఏమైనా ఉందా అని ఆ మంచం మీదే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

పిల్ల ఏడుపు బాగా తగ్గిపోయిన రోజున మా ఇంటాయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. మగవాడు లోపలికి రాకూడదు. తువ్వాలు మెడలో వేసుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పిల్లకి పాలు నేవు. నాకు నీలు కావాల. మీయమ్మకి సెప్పు" అన్నాను.

"అమ్మకి నేనేటి సెప్తాను? అది ఆడోల్ల యవ్వారం."

"మరి మీ అన్నియ్యకి సెప్పు. సైన్సు మేష్టరు గదా."

ఆ మాట ఆయనకు నచ్చింది. తాను ఏమీ చేయనక్కరలేని ఉపాయం ఏదైనా ఆయనకు నచ్చేది. ఆ సాయంత్రం నడవలో అన్నదమ్ములు, మా అత్త కూర్చున్నారు. నేను కంత కింద ఊపిరి బిగబట్టి వింటున్నాను. బావగారు ఒక్కమాట చెబితే చాలు. మా అత్తకు పెద్దకొడుకు మాట వేదం. నీళ్లు లేకుండా మనిషి బతకడని పిల్లలకు ప్రతి ఏడూ చెప్పే మనిషి. తన బిడ్డను తానే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి. 

"అన్నియ్యా, బాలింతకి నీలియ్యొచ్చేటి? పిల్లకి పాలు సాల్టం నేదంట" అన్నాడు మా ఇంటాయన.

బావగారు గొంతు సవరించుకున్నాడు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయనకు అదొక పండగ.

"దీన్ని శాస్త్రీయంగా ఆలోచించాలిరా. నీరు మూడు రూపాల్లో ఉంటుంది. ఆమెకు నీరు అందడం లేదని ఎవరన్నారు? అన్నం దేంతో ఉడికింది? నీళ్లతో. ఆ నీరంతా ఎక్కడికి పోయింది? మెతుకులోకి పోయింది. అంటే ఘనరూపంలో ఆమె నీరు తీసుకుంటూనే ఉంది. నాలుగు ముద్దలు తింటే చెంబుడు నీళ్లు తాగినట్టే. ఇక ఆవిరి పడుతున్నారు. అది వాయురూపంలో ఒంటికి పట్టే నీరు. మూడింట్లో రెండు రూపాలు అందుతున్నాయి. మన పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు. అందులో సైన్సు ఉంది."

"సూసినావా!" అంది మా అత్త. "సదువుకున్నోడు సెప్పినాడు."

"అవును మరి" అన్నాడు మా ఇంటాయన. అంతటితో ఆయన పూచీ తీరిపోయింది.

తెలియనివాళ్ల మీద నాకు అంత కోపం ఉండదు. మా అత్తకు తెలియదు, మంత్రసానికి తెలియదు. వాళ్ల భయం వాళ్లది. బావగారికి తెలుసు. తెలిసినదాన్ని తెచ్చి తెలియనిదానికి కాపలా పెట్టాడు. తల్లి ముందు కాదనే ధైర్యం లేక, ఆ పిరికితనానికి ఘనమనీ వాయువనీ పేర్లు పెట్టాడు. అప్పటిదాకా అది మా అత్త మొండితనం. ఆ సాయంత్రం నుంచి అది సైన్సు. మొండితనాన్ని బతిమాలవచ్చు. సైన్సును ఎవరు బతిమాలతారు?

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోవడం నాకు తెలిసింది. మా తోటికోడలు కూడా విన్నది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న పాఠం అయింది. పిల్లలు అరుగు మీదే తెచ్చుకున్న చద్ది తింటున్నారు. మధ్యాహ్నం పాఠానికి ఇత్తడి చెంబు నింపి గుమ్మం పక్కన పెట్టి ఉంది. బావగారు నడవలో పీట మీద భోజనానికి కూర్చున్నాడు. ఆ రోజు పొగ పెట్టి వెళ్లిన మంత్రసాని తలుపు ఓరగా వదిలేసింది. సందులోంచి ఒక పక్కగా ఆయన ముఖం, ముందున్న ఆకు, ఎదురుగా మా తోటికోడలి ముఖం కనిపిస్తున్నాయి. ఆకులో పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నూనె చుక్క. పప్పు లేదు. పులుసు లేదు. ఎడమ చేతి వైపు ఎప్పుడూ ఉండే గ్లాసు లేదు.

ఆయన ఆకు వైపు చూసుకోలేదు. భోజనం చేసేటప్పుడు కూడా ఎవరికో పాఠం చెబుతున్నట్టు పైకి చూసేవాడు. కారం కలిపి రెండు ముద్దలు మింగాక చేయి ఎడమ వైపు తడుముకుంది.

"నీళ్లేవే?"

"అన్నంలో ఉన్నాయి గదా" అంది మా తోటికోడలు.

"ఏమిటీ?"

"నిన్న మీరే సెప్పినారు. నీలన్నీ మెతుకులోకి ఎల్లిపోనాయంట. నాలుగు ముద్దలు తింటే సెంబుడు తాగినట్టేనంట. ఇంకో రెండు ముద్దలు తినండి, సరిపోతాది."

"అది బాలింత సంగతి!"

"బాలింత కడుపులో అన్నం నీరు అవుతాది, మేష్టరు కడుపులో అవదేటి?"

ఆయన ఏదో అనబోయాడు. వెల్లుల్లి కారం గొంతులో అడ్డం పడింది. పెద్ద ఎక్కిలి ఒకటి వచ్చింది. దాని వెనకాల ఇంకొకటి. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆయన మాటకు ఎవరూ అడ్డు రాలేదు. ఎక్కిళ్లు వచ్చాయి.

"నీ... నీళ్లు తే!"

"తెస్తన్నాను." ఆవిడ వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద కళపెళలాడుతున్న కుండను గుడ్డలతో పట్టుకొచ్చి ఆయన ముందు దించింది. పైన మూత తీసింది. ఆవిరి ఒక్కసారిగా ఆయన ముఖం నిండా కమ్మింది. "ఇదీ నీరేనంట. వాయువు. గెట్టిగా పీల్సండి. ఇప్పుడు రెండు రూపాలూ అందినాయి."

ఆయన ముఖం చెమటతో, కారంతో ఎర్రగా ఉబ్బింది. పుస్తకాల భాష ఎటు పోయిందో, "ఓలమ్మో! సచ్చిపోతన్నానే! నీలియ్యే!" అని కేకపెట్టాడు. అరుగు మీద పిల్లలు తినడం మానేశారు. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. తర్వాత అందరూ.

పెరట్లోంచి మా అత్త పరుగున వచ్చింది. "ఏటే ఆ ఎక్కిల్లు! నా కొడుకు పేణం పోతన్నాదే! బేగి నీలు తే! ఆ సెంబు తే!"

మా తోటికోడలు గుమ్మం పక్కనున్న పాఠం చెంబు అందుకుంది. బావగారు చేయి చాపాడు. ఆవిడ ఆయన చేయి దాటింది. అత్తను దాటింది. ఓరగా ఉన్న తలుపును మోచేత్తో తోసి, పురిటిగది గడప దాటి లోపలికి వచ్చింది. వంట చేసే మనిషి, తలంటుకుని మడి చీర కట్టుకున్న మనిషి, వచ్చి నా మంచం మీద నా పక్కన కూర్చుంది.

"తాగే" అంది.

నేను చెంబు రెండు చేతులతో పట్టుకున్నాను. నీళ్లు నోట్లోకి కొంత, మెడ మీదికి కొంత, పిల్ల గుడ్డ మీదికి కొంత పోయాయి.

"మెల్లిగా తాగు. నాను ఒకల్ని పొలమారబెట్టింది సాలు. నువ్వు పొలమారితే నాను సూడనేను." పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది. పెదాల మీద పొరలు వేలితో తడిపింది. పిల్ల ఆ వేలు పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అప్ప వేలు వెనక్కి తీసుకోలేదు.

బయట మా అత్త తానే మంచినీళ్ల కుండలోంచి ముంచి కొడుకు నోటికి గ్లాసు పెట్టినట్టుంది. ఎక్కిళ్లు ఆగాయి. ఆ తర్వాత గుమ్మం అవతల నుంచి కేకలు మొదలయ్యాయి.

"అంటు కలిపీసిందిరో! బరితెగించిపోనాది! ఒసే, నువ్వు అందులోకి ఎల్తే రాత్రికి వంటెవరు సేస్తారే?"

"నాకేటి తెలుసు?"

"దానికి పొట్ట జారిపోతాదే!"

"జారనీ. నా పొట్ట జారనేదు. నీరు పట్టనేదు. సక్కగా ఉన్నాను. పిల్ల మాత్రం నేదు."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా అనడం నేను వినడం అదే మొదటిసారి.  బావగారు ఏమైనా అంటాడేమోనని చూశాను. ఆయన చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు. 

ఆ సాయంత్రం మా అత్త పొయ్యి ముందు కూర్చుంది. మోకాళ్ల నొప్పులు. ఏళ్లుగా కర్ర కూడా ఎగదోయలేదు. కాసేపటికి నడవ కంతలోంచి మాడు వాసన వచ్చింది. వాయువుకు హద్దు లేదు గదా, పురిటిగది కూడా నిండింది. మేమిద్దరం ముఖముఖాలు చూసుకుని కొంగులు నోట్లో కుక్కుకున్నాం. నడవలో మగవాళ్లిద్దరూ అడుగంటిన అన్నం నములుతున్న చప్పుడు.  తల్లులూ బిడ్డలూ ఎండిపోయినా కదలని మనుషులు ఒక్క పూట మాడు మెతుకులకు కదిలారు.

ముందు మా ఇంటాయన గొంతు వినబడింది. "అమ్మా, తాగితే తాగనీయే. ఏటవుతాది?" ఆ ముక్క అనడానికి ఆయనకు అన్నం మాడవలసి వచ్చింది.

మా అత్త కాళ్లీడ్చుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. "బయటికి రాయే. తానం సేసి పొయ్యి దగ్గరికెల్లు. అది తాగితే తాగుతాది. నా మాట ఎవులికి కావాల?"

"సెంబు ఇక్కడే ఉంతాది" అంది అప్ప, లేవకుండానే. "పొద్దుటా, మజ్జానం, సందేళా నింపాల. కాసిన నీలే పొయ్యి, సన్నీలు నేనూ పొయ్యనులే. మజ్జిగన్నం పెడతాను. పప్పు పెడతాను. ఒప్పుకుంటేనే వస్తాను. నేకపోతే పురుడెల్లీదాకా ఇద్దరం ఇక్కడే. నువ్వూ రా, సోటున్నాది."

మా అత్త ఒప్పుకున్నానని అనలేదు. ఆవిడ ఎప్పుడూ ఆ మాట అనదు. వెనక్కి తిరిగి, "ఎవులి కరమ వాల్లది" అంటూ వెళ్లిపోయింది. కాసేపటికి కాచిన నీళ్ల గిన్నె గడప దగ్గర పెట్టిన చప్పుడు వినబడింది. గిన్నె కొంచెం గట్టిగానే పెట్టింది.

నా పొట్ట జారలేదు. ఒంటికి నీరు పట్టలేదు. ఈ సంగతి మా అత్త తర్వాత ఎప్పుడూ గమనించలేదు. అడిగితే, అప్పట్లో బలమైన కాయం పెట్టాను కాబట్టి నిలబడింది అని చెప్పేది. బావగారు ఉద్యోగం చేసినంతకాలం అదే పాఠం చెప్పాడు. మంచి మేష్టరని పేరు కూడా వచ్చింది.

ఆ గొడవ అయిన కొద్ది రోజులకు, ఇంకా పురుడు వెళ్లకముందే, ఒక ఉదయం ఎప్పటిలా అరుగు మీద పిల్లలు కూర్చున్నారు. అప్పటికి నాకు రొమ్ములు బరువెక్కాయి. పిల్ల గుడ్డలు తడుస్తున్నాయి. మంత్రసాని గొణుక్కుంటూ ఉతుకుతోంది. పిల్ల ఒక వైపు తాగి రెండో వైపుకు మార్చేలోగా ఆగలేక అరుస్తోంది. పురిటిగదిలోకి వచ్చిన వస్తువు పురుడు వెళ్లేదాకా బయటికి పోకూడదు. మా అత్త శాస్త్రమే. అందుకని ఇత్తడి చెంబు నా తల దగ్గరే ఉంది.

"ఘనపదార్థానికి తనదైన ఆకారం ఉంటుంది" అని మొదలుపెట్టాడు బావగారు. రాయి చూపించినట్టున్నాడు. తర్వాత ఊదుబత్తి వాసన వచ్చింది.

"మేష్టారూ, ద్రవం?" అన్నారు ఎవరో. ఆ వెనక కిసకిసలు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. అప్పుడే మా పిల్ల గుక్క తిప్పుకుని ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. "ఎవరక్కడ? ఆ గుంటని ఊరుకోబెట్టండి! పాఠం వినబడటం లేదు!" అని బావగారు అరుగు మీంచి అరిచాడు.

నేను తొందరపడలేదు. చెంబు ఎత్తి ముందు నేను తాగాను. పాఠం వినబడకపోతే పోయింది. నాకు అప్పటికే వచ్చు.